స్ట్రెంగ్త్ కార్డులో ఆవిడ సింహం నోరు మూస్తోందా, తెరుస్తోందా?

మహేంద్రతనయ (పర్లాకిమిడి):
అందరికీ నమస్కారం. ఇక్కడ చదివి ఊరుకునేదాన్నే ఎప్పుడూ. ఈసారి అడగక తప్పట్లేదు.

నేనొక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతాను. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. మా ఊళ్ళో చాలా ఇళ్ళ సంగతి ఇంతే. స్టాఫ్ మీటింగ్‌లో నేను లేచి నోరు విప్పితే చాలు, మా హెడ్ నా ఒడియాని అనుకరిస్తారు. పెదాలు గుండ్రంగా చుట్టి ఒకారం పలకాల్సిన చోట నేను అకారం పలుకుతానట. అందరూ నవ్వుతారు. నేనూ నవ్వేస్తాను, అదీ విచిత్రం. ఇంటికొచ్చాక మాత్రం మా చిన్నది పెన్సిల్ పొట్టు మంచం మీద పడేసిందని వీధి చివరికి వినపడేలా అరుస్తాను. అది బిక్కచచ్చిపోయి దుప్పటి దులుపుతుంటే చూడలేక వంటింట్లోకి పోతాను.

మొన్న మా పిన్ని కూతురు ఆన్‌లైన్లో కొన్న టారో డెక్ తెచ్చింది, అదే, జోస్యానికి వాడే బొమ్మల కార్డుల కట్ట. రైడర్ వెయిట్ అనే డెక్ బొమ్మలవే. "మనసులో ఏదో ఒకటి అనుకో అక్కా" అంటే ఈ మీటింగుల గోలే అనుకున్నాను. గతం, ఇప్పుడు, ఇకముందు అని మూడు తీసింది. ఎయిట్ ఆఫ్ స్వోర్డ్స్, స్ట్రెంగ్త్, క్వీన్ ఆఫ్ స్వోర్డ్స్. మూడూ నిటారుగానే వచ్చాయి. డెక్‌తో ఇచ్చిన చిన్న పుస్తకంలో స్ట్రెంగ్త్‌కి గుండె నిబ్బరం, సహనం, ఆత్మబలం అని ఉంది. "అంటే ఓపిక పట్టమని" అంది మా చెల్లి. నాకు మింగుడు పడలేదు. ఇన్నాళ్ళూ చేసింది అదే కదా! దానికి మళ్ళీ కార్డు ఎందుకు?

బొమ్మని ఎంతసేపు చూసినా ఒకటి తేలట్లేదు. స్ట్రెంగ్త్ కార్డులో ఉన్న ఆవిడ సింహం దవడల మీద చేతులు వేసింది, సరే. మూస్తోందా, తెరుస్తోందా? తెలిసినవాళ్ళు చెప్పండి.

వంశధార ఒడ్డు (గుణుపురం):
మూస్తోంది తల్లీ, అనుమానమే అక్కర్లేదు. సింహం నాలుక బయట పెట్టింది, తోక కాళ్ళ సందున పెట్టుకుంది. లొంగిన జంతువు అది. నాకు ఈ కార్డుల సంగతి అంతగా తెలీదు, మా మనవరాలి దగ్గర చూశాను. కానీ ఆ బొమ్మ చూడగానే నాకు సింహాద్రి అప్పన్న గుర్తొచ్చాడు. ఏడాది పొడుగునా స్వామి ఒంటినిండా చందనం, ఉగ్రం చల్లారాలని. అక్షయ తృతీయ నాడు ఒక్కరోజే ఆ చందనం ఒలిచి నిజరూపం చూపిస్తారు. మన రెండూళ్ళ నుంచీ చందనోత్సవానికి ఎంతమంది పోతారో నీకు తెలియనిది కాదు. లోపలి ఉగ్రాన్ని చల్లబరచుకుని కూర్చోగలగడమే గొప్ప. నీ కార్డు చెబుతున్నదీ అదే. ఆయన నవ్వితే నవ్వనీ. ఉద్యోగం నీది, జీతం నీది. ఓర్చినమ్మకు తేటనీరు అని పెద్దలు ఊరికే అనలేదు.

కొరాపుట్ చలి (జైపూర్):
బాబాయ్ గారూ, మీ మీద గౌరవంతోనే అడుగుతున్నా. ఆ సామెతలో ఓర్చినమ్మ ఉంది, ఓర్చినయ్య ఏడీ?

అసలు ఈ కార్డు ఆడవాళ్ళకి వస్తే ప్రతివాళ్ళూ ఇదే మాట చెబుతారు. శాంతంగా ఉండు, ప్రేమతో జయించు, ఓర్చుకో. అదే మగవాళ్ళకి వస్తే "నీలో సింహం ఉంది, దూకు" అంటారు. మా బ్యాంకులో నాతో పనిచేసే అబ్బాయికి ఒకాయన అచ్చంగా అలాగే చెప్పాడు, నా ఎదుటే. కార్డు ఒకటే, బొమ్మ ఒకటే.

మహేంద్రతనయ గారూ, మీరు మీటింగ్‌లో నవ్వడం ఓర్పు కాదు. పొంగుతున్న పాల మీద మూత పెట్టారు, అంతే. ఆ పొంగు ఇంట్లో పిల్లదాని మీద పడుతోంది.

ప్రాణహిత గట్టు (సిరొంచ):
కోపం తెచ్చుకోకండి, నేను వీటిని నమ్మేవాణ్ణి కాదు. కానీ వీటి చరిత్ర అంటే ఇష్టం, కాబట్టి మూయడం, తెరవడం సంగతి మీద నా వంతు చెబుతా.

ఇవి పుట్టింది పేకాట కోసం. 15వ శతాబ్దంలో ఉత్తర ఇటలీలో టరోకీ అనే ఆట ఉండేది, దానికోసం గీయించిన ముక్కలివి. మొత్తం 78. అందులో 22 బొమ్మల ముక్కల్నే ఇప్పుడు మేజర్ ఆర్కానా అంటున్నారు. వీటితో జోస్యం చెప్పడం బాగా ఊపందుకున్నది 18వ శతాబ్దం చివర్లో, ఫ్రాన్స్‌లో. 1781లో కూర్ ద జెబెలాఁ అనే ఆయన ఇవి ప్రాచీన ఈజిప్టు పూజారుల రహస్య జ్ఞానమని రాసేశాడు. అప్పటికి ఈజిప్టు చిత్రలిపి చదవగలిగినవాడు లోకంలో ఒక్కడూ లేడు. షాంపోలియోఁ దాని గుట్టు విప్పింది 1822లో. అయినా ఆ కథ నిలబడిపోయింది. జనానికి కావలసింది అలాంటి కథే మరి.

ఇక ఈ కార్డు. మిలాన్ ప్రభువుల ఇంటి విస్కొంటి స్ఫోర్జా డెక్‌లో ఇక్కడ అమ్మాయి లేదు. దుడ్డుకర్ర ఎత్తి సింహాన్ని మోదబోతున్న మగవాడు ఉంటాడు. హెర్క్యులిస్ అంటారు. అదే కాలపు వేరే ఇటలీ ముక్కల్లో సింహమే లేదు, విరిగిన రాతి స్తంభాన్ని పట్టుకున్న స్త్రీ ఉంటుంది. తర్వాతి ఫ్రెంచి మార్సెయ్ డెక్కుల్లో స్త్రీ, సింహం కలిసి కనిపిస్తారు. అక్కడ చూస్తే తెరుస్తున్నట్టే ఉంటుంది. కాబట్టి ఓర్పా, దూకుడా అని మీరు ఇప్పుడు పడుతున్న తగువు ఈ ముక్క మీద మొదట్నుంచీ ఉన్నదే.

ఇంకో చిన్న విషయం. పాత వరసలో ఈ ముక్క నంబరు 11. న్యాయం అనే ముక్క 8. మీ చెల్లి డెక్‌లో తిరగేసి ఉంటాయి చూడండి. లండన్‌లో గోల్డెన్ డాన్ అనే రహస్య సంఘం వాళ్ళు రాశుల వరసకి సరిపెట్టడానికి మార్చారు. సింహరాశి ముందు, తులారాశి తర్వాత రావాలి కదా, అందుకు. ఆ సంఘంలోవాడైన వెయిట్ 1909లో తన డెక్‌కి అదే వరస వాడాడు.

మోడరేటర్:
చర్చ బాగుంది. చిన్న మనవి: బడి పేరు, మనిషి పేరు ఎవరూ అడగవద్దు, ఊహించి రాయవద్దు.

నాగావళి (రాయగడ):
ప్రాణహిత గారు నా సగం పని తగ్గించారు. నేను చాలాకాలంగా కార్డులు చదువుతున్నాను. డబ్బు తీసుకుని కాదు, మజ్జిగౌరి అమ్మవారి దర్శనానికి వచ్చే చుట్టాలు మా ఇంట్లో దిగితే "కాసేపు చూసి చెప్పు" అని కూర్చోబెడతారు, అలా.

ముందు మీరు అడిగినదానికి జవాబు. మీ డెక్ వరకూ మూస్తోంది. గీయించిన వెయిట్ తన వివరణలో ఆ మాటే రాశాడు. పాత బొమ్మలకీ తన బొమ్మకీ తేడా ఒక్కటేననీ, ఇందులో సింహం అప్పటికే లొంగి పూలగొలుసు వెంట నడుస్తోందనీ కూడా రాశాడు. అంటే పోరాటం బొమ్మలో లేదు. అది అయిపోయాక గీసిన బొమ్మ ఇది.

ఇప్పుడు బొమ్మ చూడండి. ఒంటి మీద తెల్లటి గౌను. కవచం లేదు, కత్తి లేదు. తల మీద పూలు, నడుముకి పూలదండ, తలపైన అడ్డంగా పడుకోబెట్టిన ఎనిమిది అంకెలాంటి అనంతం గుర్తు. అదే గుర్తు మెజీషియన్ అనే ఇంకో కార్డులోవాడి తల మీదా ఉంటుంది. వెనకాల నీలం కొండ, మిగతా ఆకాశమంతా పసుపు. ఆవిడ సింహానికి ఎదురుగా నిలబడి సవాలు చేయట్లేదు, పక్క నుంచి దాని మీదకి వంగింది. ముఖంలో పళ్ళు బిగబట్టిన ఛాయ కూడా లేదు. చాలామంది దీన్ని దుర్గమ్మ సింహంతో పోల్చేస్తారు. నాకది ఒప్పుదల కాదు. దుర్గ సింహం యుద్ధానికి ఎక్కిన వాహనం. ఇక్కడ ఎవరి మీదకీ వెళ్ళేది లేదు.

అసలు మాట ఇది. మీ కథ విన్నవాళ్ళు సింహం అంటే మీ హెడ్ అనుకుంటారు. నేను అలా చదవను. ఆయన ఈ కార్డులోనే లేడు. సింహం మీదే. అది స్టాఫ్ రూమ్‌లో పడుకుంటోంది, మీ ఇంట్లో లేచి గర్జిస్తోంది. దాన్ని చంపమని కార్డు చెప్పట్లేదు, ఆవిడ చేతిలో దుడ్డుకర్ర లేదు కదా. వదిలేయమనీ చెప్పట్లేదు. దగ్గరికి పోయి చేయి వేయమంటోంది. చేయి వేయాలంటే ముందు అది అక్కడ ఉందని ఒప్పుకోవాలి. మీరు నవ్వినప్పుడల్లా "నాకు కోపం లేదు" అంటున్నారు.

మూడు కార్డుల్నీ పక్కపక్కన పెట్టి చేతులే చూడండి. మొదటి ఆవిడకి కళ్ళకి గంతలు, చేతులు ఒంటికి కలిపి కట్టేశారు, చుట్టూ ఎనిమిది కత్తులు. కానీ కాళ్ళు కట్టలేదు. కత్తుల మధ్య దారి ఉంది. ఆవిడకే కనపడట్లేదు. రెండో ఆవిడ చేతులు సింహం మూతి మీద. మూడో ఆవిడ, రాణి, కుడిచేత్తో కత్తి నిటారుగా పట్టుకుంది, ఎడమచేయి ముందుకి చాపింది. వచ్చినవాణ్ణి రానిస్తుంది, మాట మాత్రం సూటిగా చెబుతుంది. కట్టేసిన చేతుల నుంచి కత్తి దాకా నేరుగా పోవడానికి లేదు, మధ్యలో సింహం ఉంది. దాన్ని దాటకుండా రాణి మాట మాట్లాడబోతే ఏడుపన్నా వస్తుంది, అరుపన్నా వస్తుంది.

మహేంద్రతనయ (పర్లాకిమిడి):
నాగావళి అక్కా, "అది మీ ఇంట్లో లేచి గర్జిస్తోంది" దగ్గర ఆగిపోయాను. ఫోన్ పక్కన పెట్టి కాసేపు బయట తిరిగొచ్చాను.

పట్టుకుచ్చు (బరంపురం):
అక్కా, మీరు చెబుతున్న ఆ చేతులు నేను కళ్ళారా చూశాను. సింహం కాదు, పులి.

మా బరంపురం ఠాకురాణి యాత్ర తెలుసు కదా. రెండేళ్ళకోసారి, చైత్రంలో మొదలై దాదాపు నెల రోజులు. అమ్మవారు గుడి వదిలి దేశిబెహరా వీధిలో పుట్టింటికి వస్తుంది. నేతపని వాళ్ళం మేమే ఆవిడ పుట్టింటివాళ్ళం. మొక్కు ఉన్నవాళ్ళు రకరకాల వేషాలు కడతారు. మా మామయ్యది పులి వేషం. ఒళ్ళంతా పసుపు రంగు, దాని మీద నల్ల చారలు, వెనక తోక. డప్పు మొదలయ్యిందంటే ఆయన మాకు తెలిసిన మామయ్య కాదు. వీధి పిల్లలు జడుసుకుని అరుగులెక్కేస్తారు. ఆట ఆపాక కూడా ఆయనకి వెంటనే దిగదు. కళ్ళు ఎర్రగా, ఊపిరి బుసలు కొడుతూ ఉంటుంది. మగవాళ్ళు నలుగురు పట్టుకోబోతే ఇంకా రెచ్చిపోయేవాడు.

మా అమ్మమ్మ ఒక్కతే గాజుల చేత్తో పోయి ఆయన ముక్కు మీద, నోటి మీద అరచేయి పెట్టేది. రంగు అంటుకుంటుందని కూడా చూసుకునేది కాదు. "చాల్లే, రా, నీళ్ళు తాగు" అనేది మామూలు గొంతుతో. అరవడం లేదు, బతిమాలడమూ లేదు. ఆయన కూలబడి నీళ్ళు తాగేవాడు. ఆ తర్వాత పూటంతా ఆవిడ చీర కొంగుకి పసుపు రంగు అలాగే ఉండేది.

అమ్మమ్మ మామయ్యని పులి కట్టొద్దని ఎప్పుడూ అనలేదు. అది అమ్మవారి మొక్కు. నాగావళి అక్క చెప్పింది నాకు ఇలా అర్థమైంది.

ఒక డౌటు. ఇదే కార్డు తలకిందులుగా వస్తే?

నాగావళి (రాయగడ):
మీ అమ్మమ్మ ముందు మా కార్డులెందుకు తమ్ముడూ!

తలకిందులైతే వెయిట్ రాసిన అర్థాలు నిరంకుశత్వం, అధికార దుర్వినియోగం, బలహీనత, గొడవలు. పైకి పొంతన లేనట్టుంటాయి. కానీ పైవాళ్ళ దగ్గర పిల్లి, కిందివాళ్ళ దగ్గర పులి అయ్యే మనిషిని తలుచుకోండి, అన్నీ ఒకే చోట కూర్చుంటాయి. ఆ కార్డు ఇక్కడ ఎవరికి వచ్చేదో నేను చెప్పను, మోడరేటర్ గారు తిడతారు.

కొరాపుట్ చలి (జైపూర్):
సింహం ఆమెదే అన్నది ఒప్పుకుంటా. కానీ నాగావళి గారూ, మీ చదువులో నాకొక చోట గుచ్చుకుంటోంది. అన్నీ ఆమె లోపలే తేల్చుకోవాలంటే హెడ్ తప్పించుకున్నట్టే కదా. ఆయన చేసేది వేళాకోళం. పదిమందిలో చేస్తున్నాడు, నెలనెలా చేస్తున్నాడు. దానికి బయట ఒక జవాబు ఉండాలి. లోపల శాంతి దొరికిందని ఊరుకుంటే మళ్ళీ బాబాయ్ గారి తేటనీటి దగ్గరికే వస్తాం.

బొమ్మ సంగతి వచ్చింది కాబట్టి ఇంకొకటి. ఆ 78 బొమ్మలూ గీసింది పమేలా కోల్మన్ స్మిత్. 1909లో నెలల వ్యవధిలో గీసేసింది. చాలా పెద్ద పని, డబ్బు మాత్రం బహు తక్కువ అని ఆ ఏడాదే ఒక ఉత్తరంలో రాసుకుంది. డెక్‌కి పేరు మాత్రం అచ్చేసిన రైడర్‌ది, గీయించిన వెయిట్‌ది. బొమ్మ మూలన ఆవిడ పొడి అక్షరాల ముద్ర ఉంటుంది, వెతికితే దొరుకుతుంది. ఓర్చుకున్నందుకు ఆవిడకి దక్కిన తేటనీరు అది.

వంశధార ఒడ్డు (గుణుపురం):
కొరాపుట్ అమ్మాయి నన్ను వదిలేలా లేదు. వదలొద్దు, నాకూ పొద్దుపోతోంది.

బరంపురం అబ్బాయి వాళ్ళ అమ్మమ్మ సంగతి చదివాక రాత్రి భాగవతం తీశాను. హిరణ్యకశిపుణ్ణి చీల్చాక కూడా నరసింహుడి ఉగ్రం దిగదు. బ్రహ్మాదులు దూరం నుంచే దండాలు పెడతారు. లక్ష్మీదేవే దగ్గరికి పోవడానికి జంకుతుంది. చివరికి బ్రహ్మ ప్రహ్లాదుణ్ణి పంపుతాడు. చిన్న పిల్లవాడు. పోయి పాదాల దగ్గర పడితే స్వామి వాడి తల మీద చేయి పెడతాడు. అప్పుడు ప్రహ్లాదుడు అనే మాట వినండి. నీ భయంకరమైన నోరు, నాలుక, కోరలు, మెడలో పేగుల దండ, ఇవేవీ చూసి నాకు భయం లేదు, ఈ సంసారచక్రాన్ని చూస్తేనే భయం అంటాడు. నోటికి నోరే ఎదురుగా పెట్టుకుని ఆ మాట అన్నాడు. ఊరుకోలేదు. తండ్రి కొలువులోనూ ఊరుకున్నవాడు కాదు, అడిగినప్పుడల్లా తన మాట తాను చెప్పాడు. కేకలు మాత్రం తండ్రివే.

తెరవడం గురించి కూడా మనకి లేకపోలేదు. శకుంతల కొడుకు భరతుడు సింహం పిల్ల నోరు తెరవమని, పళ్ళు లెక్కపెడతానని పట్టుబట్టిన కథ అందరికీ తెలిసిందే. మూసినా తెరిచినా చేయి వేసినవాడే లెక్కలోకి వచ్చాడు.

ప్రాణహిత గట్టు (సిరొంచ):
పెద్దాయన ఇటలీవాళ్ళ కంటే బాగా చెప్పారు. అక్కడ ఈ ముక్క పేరు ఫోర్తెత్సా. క్రైస్తవుల నాలుగు మూల సుగుణాల్లో ఒకటి. న్యాయం, మితం, ధైర్యం ముక్కలుగా ఉన్నాయి. నాలుగోదైన వివేకానికి ముక్క లేదు. ఎందుకు లేదో పండితులు ఇంకా కొట్టుకుంటూనే ఉన్నారు. వివేకం ఆడేవాడి దగ్గరే ఉండాలని కాబోలు అని నేను సరదాగా అనుకుంటా.

మహేంద్రతనయ గారూ, మీ బాధ మాత్రం నాకు చరిత్ర కాదు. మా సిరొంచలో ఇంట్లో తెలుగు, ఆఫీసులో మరాఠీ. ప్రాణహిత దాటితే అవతల ఒడ్డున అందరూ మనలాగే మాట్లాడతారు, ఇవతల మాత్రం మనం యాస మనుషులం. నేను చేసింది చెబుతా. ఒకసారి ఒక పెద్ద అధికారి నా మరాఠీని పదిమందిలో ఎక్కిరిస్తే, "అవునండీ, ఇంట్లో తెలుగు మాట్లాడతాం. ఫైలు సంగతి చెప్పమంటారా?" అని అడిగా. మరాఠీలోనే, అదే యాసతోనే. గొంతు వణికింది. ఆయన ఫైలు అడిగాడు. ఏ కార్డూ తీయలేదు నేను. కానీ మీకు కార్డు వల్ల ఆ ధైర్యం వస్తే నాకేం అభ్యంతరం లేదు. జవాబు మీకు ముందే తెలుసనీ, కార్డు దాన్ని బల్ల మీద పెట్టిందనీ నా అనుమానం.

నాగావళి (రాయగడ):
ప్రాణహిత గారూ, అందులో అనుమానమెందుకు, నేను నమ్మేదీ అంతే. రేపు ఏం జరుగుతుందో కార్డు చెబుతుందని నేను ఎవరికీ చెప్పను.

కొరాపుట్ చెల్లీ, హెడ్‌కి బయట జవాబు ఉండాలన్నావు, నిజమే. అందుకే మూడో కార్డు రాణి. కానీ వరస ముఖ్యం. మహేంద్రతనయా, వచ్చే మీటింగ్‌కి గొప్ప సమాధానం ఏదీ తయారు చేసుకోవద్దు. ఒకటే పని పెట్టుకో. ఆయన అనుకరించినప్పుడు నవ్వకు. అంతే. కోపంగా చూడనూ వద్దు. నీ ముఖాన్ని నీ ముఖంలా ఉండనీ. గుండె దడదడలాడుతుంది, చెవులు వేడెక్కుతాయి. అదే సింహం. ఆ దడ వస్తుండగానే నీ మాట ఎక్కడ ఆగిందో అక్కణ్ణుంచి పూర్తి చెయ్యి.

సాయంత్రం బడి గేటు దాటాక ఇంటికి పోయేలోపు కాసేపు ఎక్కడైనా కూర్చో. "ఈ కోపం పెన్సిల్ పొట్టుది కాదు" అని పైకే అనుకో. పాప పొట్టు పడెయ్యడం ఎలాగూ మానదు.

పట్టుకుచ్చు (బరంపురం):
ఇంకోటి అడగొచ్చా? మా ఫ్రెండ్ ఒకడు ధైర్యానికి, తట్టుకుని నిలబడడానికి అసలు కార్డు స్ట్రెంగ్త్ కాదు, నైన్ ఆఫ్ వాండ్స్ అంటాడు. తలకి కట్టు కట్టుకుని, కర్ర పట్టుకుని నిలబడ్డవాడు ఉంటాడే, వెనక ఎనిమిది కర్రలు కంచెలా. నాకది చూస్తే ఫైలిన్ తుపాను గుర్తొస్తుంది. 2013 అక్టోబర్ 12 రాత్రి గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. తెల్లారి చూస్తే మా మగ్గాల గది రేకులు లేవు, పడుగు మొత్తం తడిసిపోయింది. మా నాన్న ముఖం అచ్చం ఆ కార్డులోవాడిదే. దెబ్బ తిన్నాడు, కానీ ఇంకా నిలబడి ఏ పక్క నుంచి ఏమొస్తుందా అని చూస్తున్నాడు.

నాగావళి (రాయగడ):
మీ ఫ్రెండ్ మాట సగం నిజం. అది దెబ్బ తిన్నాక నిలబడడం, కాపలా కాయడం. తుపాను లాంటి వాటికి ఆ కార్డే. ఎదుట జంతువు లేదు, ఎవరితోనూ మాట్లాడేది లేదు, నిలబడాలి. తిత్లీ అప్పుడు 2018లో మేమంతా అదే చేశాం. కానీ ఆ మనిషి కళ్ళు చూడు, పక్కకి చూస్తుంటాయి. ఇంకో దెబ్బ కోసం ఎదురుచూపు. అక్కడే ఉండిపోతే తర్వాత వచ్చేది టెన్ ఆఫ్ వాండ్స్, పది కర్రలూ ఒక్కడే ఎత్తుకుని ముందు దారి కనపడకుండా నడిచేవాడు. స్ట్రెంగ్త్‌లో ఆవిడ ఎవరి కోసమూ కాపలా కాయట్లేదు. వంగి, చూపు సింహం మీదే పెట్టింది.

మహేంద్రతనయకి నైన్ ఆఫ్ వాండ్స్ వచ్చి ఉంటే నేను వేరే మాట చెప్పేదాన్ని. కొన్నాళ్ళు సెలవు పెట్టమనేదాన్నేమో.

మహేంద్రతనయ (పర్లాకిమిడి):
మీటింగ్ అయ్యింది. నిన్ననే రాద్దామనుకున్నాను, పేపర్లు దిద్దే పని పడింది.

ఎనిమిదో తరగతి వాళ్ళు భిన్నాల్లో ఎందుకు వెనకబడ్డారో చెబుతున్నాను. రెండో వాక్యంలోనే హెడ్ అందుకున్నారు, మామూలే. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. నా పెదాలు నవ్వడానికి సగం దాకా పోయాయి, నాకు తెలిసింది, ఆపేశాను. నాగావళి అక్క చెప్పిన దడ వచ్చింది, చెవులు కూడా. ఏదో అనాలనిపించింది గానీ అనలేదు. ఆగిన చోటు నుంచి మళ్ళీ మొదలుపెట్టాను. అకారాలన్నీ అలాగే పలికాను. గది కాస్త ఇబ్బందిగా నిశ్శబ్దమైపోయింది. సైన్స్ చెప్పే మేడమ్ ఒకావిడ, ఆవిడ ఒడియా వాళ్ళే, "ఐదో తరగతిలోనే పునాది పడట్లేదు సార్, ఈవిడ చెప్పేది నిజం" అంది. హెడ్ "ఊఁ, చెప్పండి" అన్నారు.

ఏదో సాధించానని చెప్పట్లేదు. ఇంటికెళ్ళే దారిలో మహేంద్రతనయ నది వంతెన మీద కాసేపు ఆగాను. ఇంట్లో అరవలేదని కూడా చెప్పలేను, అరిచాను, కానీ ఈసారి నిజంగానే అరవాల్సిన పని చేసింది చిన్నది. గోడ మీద స్కెచ్ పెన్నుతో ఏనుగు గీసింది.

కొరాపుట్ చలి (జైపూర్):
శభాష్! ఆ సైన్స్ మేడమ్‌తో టీ తాగండి. ఒంటరిగా సింహంతో ఉండాలని కార్డులో రాసిలేదు.

వంశధార ఒడ్డు (గుణుపురం):
ఏనుగు బాగా వచ్చిందా తల్లీ?

మహేంద్రతనయ (పర్లాకిమిడి):
తొండం బాగా వచ్చింది తాతగారూ. కాళ్ళు ఐదున్నాయి.

ప్రాణహిత గట్టు (సిరొంచ):
ఒకటి అడుగుతా. తర్వాతి మీటింగ్‌లో ఆయన మళ్ళీ అంటే? నా అనుభవంలో రెండోసారి తప్పకుండా అంటారు. మొదటిసారి పొరపాటున నవ్వలేదేమో అని చూసుకోవడానికి.

మహేంద్రతనయ (పర్లాకిమిడి):
అంటారనే అనుకుంటున్నాను. మీ మాట అరువు తీసుకుంటున్నాను సార్. "అవును సార్, ఇంట్లో తెలుగే. భిన్నాల సంగతి చెప్పమంటారా?" ఒడియాలో రాసుకుని సైన్స్ మేడమ్‌కి చూపించాను. ఆవిడ ఒక క్రియాపదం సరిచేసింది. యాస జోలికి పోలేదు, నేనూ పోవద్దన్నాను.